ఇంటిపేరు బ్రౌన్

ఒకే ఇంటిపేరు గల ప్రముఖులలో ఒకరి జీవితాన్ని ఈసారి ప్రత్యేక సంచికకు రాసి పంపమని మన సంపాదకవర్గం కోరినప్పుడు, మిత్రులు చాలామంది పింగళివారి మీదా, వేటూరివారి మీదా, గిడుగువారి మీదా చేతులు వేసేశారు. నా వంతు వచ్చేసరికి తెలుగు ఇంటిపేర్లన్నీ అయిపోయినట్టే అనిపించింది. అందుకని దొరల ఇంటిపేరు ఒకటి తీసుకున్నాను. పాఠకులు అభ్యంతరపెట్టరనే నమ్మకం. ఎందుకంటే ఆ దొర కూడా మనలాగే నెల జీతం తీసుకున్న ఉద్యోగి, ట్రాన్స్‌ఫర్లు అనుభవించినవాడు, పై అధికారుల కోపానికి గురై ఉద్యోగం పోగొట్టుకున్నవాడు, చివరికి 38 ఏళ్ల సర్వీసు తర్వాత పదవీ విరమణ చేసినవాడు.

బ్రౌన్ అనేది ఇంగ్లీషువారిలో మహా మామూలు ఇంటిపేరు. జుట్టు రంగును బట్టో, ఒంటి ఛాయను బట్టో ఎప్పుడో పూర్వకాలంలో ఎవరికో పెట్టిన పేరు, తరాల తరబడి నిలిచిపోయింది. మనలో నల్లావారు, ఎర్రావారు లేరా, అలాంటిదే. ఆ పేరు గలవారిలో పేరు మోసినవాళ్లకు కొదవ లేదు. నీటిలో పుప్పొడి నుంచి వెలువడిన సూక్ష్మ రేణువులు అటూ ఇటూ కదలాడడాన్ని 1827లో భూతద్దం కింద గమనించిన వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రౌన్. మన పిల్లలు సైన్సు పుస్తకాలలో చదివే బ్రౌనియన్ చలనం ఆయన పేరు మీదనే వచ్చింది. అమెరికాలో బానిసత్వం మీద ఆయుధం పట్టి 1859లో ఉరికంబమెక్కినవాడు జాన్ బ్రౌన్. భారతీయ వాస్తుకళ మీద ప్రామాణిక గ్రంథాలు రాసినవాడు పెర్సీ బ్రౌన్. మొన్న మొన్న, 2007 నుంచి 2010 దాకా, బ్రిటన్ ప్రధానిగా ఉన్నవాడు గోర్డన్ బ్రౌన్. వీరిలో ఒకరికొకరు ఏమీ కారు.

ఇంకో విశేషం ఉంది. తెలుగు మీద పుస్తకం రాసిన బ్రౌన్ కూడా ఒక్కడు కాదు. అప్పటి దొరలు తెలుగును జెంటూ అనేవారు. ఆ జెంటూ భాషకు వ్యాకరణమొకటి 1817లోనూ, పదకోశమొకటి 1818లోనూ మద్రాసులో అచ్చయ్యాయి. వాటిని రాసినవాడు విలియం బ్రౌన్. ఆ పుస్తకాలను ఇప్పుడు పరిశోధకులు తప్ప ఎవరూ తిరగేయరు. సరిగ్గా ఆ 1817లోనే మద్రాసు రేవులో ఓడ దిగిన పంతొమ్మిదేళ్ల లోపు కుర్రవాడు మన కథానాయకుడు, చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. తెలుగు దేశంలో ఇంటిపేరు చెబితే చాలు, ఎవరో తెలిసిపోయే బ్రౌన్ ఈయన ఒక్కడే.

ఆయన పుట్టింది ఇంగ్లండులో కాదు, కలకత్తాలో. 1798 నవంబరు 10న. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, ఫోర్ట్ విలియం కళాశాలకు పెద్దగా కూడా పనిచేశారు. అనాథ బాలల ఆలనా పాలనా చూశారు. ప్రాచ్య భాషలంటే ఆయనకు మోజు. కొడుకులకు హీబ్రూ, అరబ్బీ, పారశీకం, హిందూస్తానీ చిన్నప్పుడే ఇంట్లోనే మొదలుపెట్టించారు. 1812లో డేవిడ్ బ్రౌన్ పోయారు. చార్లెసుకు అప్పటికి పదమూడేళ్లు. తల్లీ పిల్లలూ ఇంగ్లండు చేరారు. అక్కడ కంపెనీ ఉద్యోగులకు శిక్షణనిచ్చే హెయిలీబరీ కళాశాలలో చదివి, 1817 ఆగస్టులో ఆయన మద్రాసు వచ్చారు. తండ్రి పెట్టిన భాషల భిక్ష ఆయనకు ఒకసారి ఉద్యోగాన్నే నిలబెట్టింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాల ఉండేది. జిల్లాలకు వెళ్లబోయే దొరలు అక్కడ దేశభాషలు నేర్చి పరీక్ష ప్యాసు కావాలి. మన రోజుల్లో డిపార్టుమెంటల్ టెస్టుల లాంటివన్న మాట. బ్రౌన్‌కు అక్కడ తెలుగు ఓనమాలు దిద్దించినవారు వెలగపూడి కోదండరామ పంతులుగారు. అంతకు ముందు బ్రౌన్‌కు తెలుగు ఒక్క ముక్క రాదు. 1820లో పరీక్ష ప్యాసై, ఆ ఏడాది ఆగస్టులో కడప కలెక్టరు హాన్‌బరీ కింద సహాయకుడిగా చేరారు. అదే ఏడాది మద్రాసు గవర్నరైన సర్ థామస్ మన్రో అంతకు ముందు దత్తమండలాలకు కలెక్టరుగా చేసినవారు. ప్రజల భాష తెలియని అధికారి ఎందుకూ కొరగాడని ఆయన నిశ్చితాభిప్రాయం. ఆ గాలి బ్రౌన్‌కు బాగా సోకింది.

పరీక్ష ప్యాసైతే చాలు, ఇంక్రిమెంటు వస్తే చాలు అనుకుని పుస్తకం మూసేసేవాళ్లను మన సర్వీసులో ఎంతమందిని చూడలేదు! బ్రౌన్ అక్కడితో ఆగలేదు. కడపలో కచేరీ అరుగు మీద రైతుల గోడు వింటూ వాడుక తెలుగు నేర్చారు. కోర్టు తెలుగు వేరు, పండితుల తెలుగు వేరు, బజారు తెలుగు వేరు అని ఆయనకు ఆ రోజుల్లోనే అర్థమైంది. పేద పిల్లల కోసం ఉచిత పాఠశాలలు పెట్టించారు. 1822లో మచిలీపట్నం బదిలీ అయ్యారు. అక్కడే 1824 ప్రాంతాల్లో వేమన ఆయన కంటబడ్డాడు. ఫ్రెంచి మతాచార్యుడు దుబాయ్ హిందువుల ఆచారాల మీద రాసిన గ్రంథంలో వేమన ప్రస్తావన చూసి, ఎవరీ వేమన అని వెతకడం మొదలుపెట్టారు. పండితులను అడిగితే ఆ పద్యాలు చదవదగ్గవి కావన్నట్టు మొహం పెట్టారు. జనం నోట మాత్రం అవే పద్యాలు. బ్రౌన్ ఊరూరి నుంచి తాళపత్ర ప్రతులు తెప్పించి, పోల్చి, ఏరి, ఇంగ్లీషు అనువాదంతో 1829లో 693 పద్యాలు అచ్చు వేశారు. పదేళ్ల తర్వాత, 1839లో, రెండో కూర్పులో వాటి సంఖ్య 1164 అయింది. మా తరంవాళ్లం బడిలో చేతులు కట్టుకుని వల్లించిన వేమన అప్పటి దాకా అచ్చు మొహం సరిగా ఎరగడు.

ఉద్యోగరీత్యా మళ్లీ కడపకు చేరినప్పుడు ఊరి వెలుపల తోటతో సహా ఒక బంగళా కొన్నారు. ఆ బంగళాయే ఆయన కార్ఖానా. దాన్ని జనం బ్రౌన్ కాలేజీ అన్నారు. నిజానికి అక్కడ క్లాసులూ లేవు, పరీక్షలూ లేవు. పండితులు, లేఖకులు ఉండేవారు. జూలూరి అప్పయ్య శాస్త్రి, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య శాస్త్రి, పైడిపాటి వెంకటనరసు వంటివారు ఆయన కొలువులో పనిచేశారు.

పని ఎలా సాగేదో కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆయన గొప్పతనమంతా అందులోనే ఉందని నా అభిప్రాయం. ఒక కావ్యానికి ఎక్కడెక్కడ తాటాకు ప్రతులున్నాయో కనుక్కుని కొనడమో, అరువు తేవడమో చేసేవారు. లేఖకుల చేత వాటికి కాగితం మీద నకళ్లు రాయించేవారు. తాటాకు ప్రతిలో పదానికీ పదానికీ మధ్య ఖాళీ ఉండదు, పద్యానికీ పద్యానికీ మధ్య కూడా ఉండదు. రాసినవాడి చేతి తప్పులు ఒకటైతే, నకలు రాసినవాడి తప్పులు దాని మీద ఇంకో వరస. అందుకని ఒకే కావ్యానికి అనేక ప్రతులు ముందు పెట్టుకుని, ఒక పండితుడు చదువుతూ ఉంటే మిగిలినవారు తమ ప్రతులలో పాఠం ఎలా ఉందో చూసి భేదాలు గుర్తు పెట్టేవారు. ఏది సరైన పాఠమో చర్చించి శుద్ధ ప్రతి తయారు చేసేవారు. అకౌంట్లు చూసిన మన మిత్రులకు ఇది రికన్సిలియేషన్ పని అని చెబితే వెంటనే అర్థమవుతుంది. ఆ తర్వాత దానికి పద సూచిక, టీక. జూలూరి అప్పయ్య వ్యాఖ్యతో మనుచరిత్ర 1851లో అచ్చయిందంటే, దాని వెనుక ఇలాంటి చాకిరీ ఏళ్ల తరబడి జరిగింది.

ఇదంతా సర్కారు ఖర్చు మీద అనుకునేరు. పండితుల జీతాలు, కాగితం, సిరా, ప్రతుల ఖరీదు చాలా వరకు బ్రౌన్ జేబులోంచే. జీతం చాలక అప్పులు చేశారు, వాటికి వడ్డీలు కట్టారు. కుంటివారికి, గుడ్డివారికి దానధర్మాలు మాత్రం మానలేదు. పెళ్లి చేసుకోలేదు. కనుక ఇంట్లో అడిగేవారు లేరని మన ఇళ్లల్లో ఆడవాళ్లు అనవచ్చు. ఆ మాటలో నిజం లేకపోలేదు.

ఇక ఆయన సర్వీసులో చీకటి రోజుల సంగతి. 1832–33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమలో ఘోరమైన కరువు వచ్చింది. దాన్నే డొక్కల కరువు అంటారు. ఐదు లక్షల జనాభాలో మూడో వంతుకు పైగా చచ్చిపోయారని అంచనాలున్నాయి. గుంటూరు నుంచి మద్రాసు పోయే బాట పొడవునా మనిషి ఎముకలు చాలాకాలం కనిపించాయని చెప్పుకుంటారు. కంపెనీ కచేరీలలో మాత్రం దాన్ని కరువు అనడానికి ఒప్పుకోరు. కొరత అని రాయాలి. కొరత అయితే శిస్తు వసూలు ఆపనక్కర్లేదు, గంజి కేంద్రాలకు పెద్దగా ఖర్చు పెట్టనక్కర్లేదు. కరువు అని రాస్తే ఆ బాధ్యత నెత్తిన పడుతుంది. కాగితం మీద ఒక మాట మార్చడంలో ఎంత తేడా వస్తుందో జీవితమంతా ఫైళ్ల మధ్య గడిపిన మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. బ్రౌన్ తన నివేదికలలో కరువు అనే రాశారు. పై అధికారులు దీన్ని తప్పు పట్టారు. చివరకు 1834లో ఆయనను ఉద్యోగం నుంచి తప్పించారు. 1835లో అప్పుల బరువుతో ఇంగ్లండు ఓడ ఎక్కారు.

అప్పటికి ఆయనకు ముప్పయ్యారేళ్లు. పదిహేడేళ్ల సర్వీసు. పెన్షను లేదు, పని లేదు. వేమన మొదటి కూర్పు తప్ప ఆయన పేరు నిలబెట్టే పెద్ద గ్రంథమేదీ ఇంకా బయటికి రాలేదు. ఆ ఓడ ఎక్కినవాడు మళ్లీ రాకపోయి ఉంటే, మనం ఈ రోజు ఆయనను కూడా విలియం బ్రౌన్ పక్కన ఒక వరసలో పెట్టి వదిలేసేవాళ్లం.

లండనులో ఆయన ఖాళీగా కూర్చోలేదు. ఇండియా హౌస్ గ్రంథాలయంలో దక్షిణదేశ భాషల వ్రాతప్రతులు మూటలుగా పడి ఉన్నాయి. డాక్టర్ లేడెన్ అనే పండితుడు పోగుచేసినవి. అవి రెండు వేలకు పైగా ఉంటాయి. వాటిని దుమ్ము దులిపి, జాబితా తయారు చేసి, చదివేవాళ్లున్న చోటికి పంపాలని పట్టుబట్టి మద్రాసు చేరేలా చేశారు. ఉద్యోగం లేని మనిషి చేసిన పని ఇది. ఈలోగా కంపెనీకి మద్రాసులో పారశీక భాషా అనువాదకుడు కావలసి వచ్చాడు. కలకత్తా ఇంట్లో తండ్రి నేర్పిన పారశీకం అప్పుడు అక్కరకొచ్చింది. ఆ ఉద్యోగంతో 1838లో తిరిగి మద్రాసులో అడుగుపెట్టారు. సస్పెన్షన్ కాలాన్ని డ్యూటీగా లెక్కించమని ఆయన ఎన్ని అర్జీలు పెట్టుకున్నారో గానీ, జిల్లా అధికారంలోకి మాత్రం మళ్లీ పోలేదు. రాజధానిలోనే ఉండిపోయారు. తెలుగుకు అది మేలే చేసింది.

ఆ తర్వాత పదిహేడేళ్లలో ఆయన పట్టిన ఉద్యోగాలు చూడండి. పారశీక అనువాదకుడు, ప్రభుత్వ తెలుగు అనువాదకుడు, పోస్టుమాస్టరు జనరలు, కళాశాల గ్రంథాలయంలో వ్రాతప్రతుల పర్యవేక్షకుడు, మద్రాసు బ్యాంకులో ప్రభుత్వ డైరెక్టరు. తపాలా శాఖలో, బ్యాంకులలో పనిచేసి రిటైరైన మన మిత్రులు ఆయనను తమవాడని చెప్పుకుంటే కాదనేందుకు లేదు. పగలు ఈ పనులు, ఉదయం సాయంత్రం నిఘంటువు. 1840లో తెలుగు వ్యాకరణం వేశారు. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. దాని వెంటే ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు, 1854లో మిశ్రభాషా నిఘంటువు. కచేరీలలో వాడే ఉర్దూ, పారశీకపు మాటలన్నీ ఆ మూడోదానిలో చేరాయి. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట ముగించినదీ ఆ 1852లోనే.

అంతకు ముందు మనకు నిఘంటువులు లేవని కాదు. మామిడి వెంకయ్యగారు ఆంధ్రదీపిక సంకలనం చేశారు. కేంబెల్ దొర నిఘంటువు 1821లో అచ్చయింది. అంతకన్నా పూర్వం పద్యాలలో నిఘంటువులుండేవి, కంఠస్థం పట్టాలి. బ్రౌన్ చేసిన కొత్త పని ఏమిటంటే, కావ్యంలో మాటకూ, బజారులో మాటకూ ఒకే పుటలో పీట వేయడం. నన్నయ వాడిన మాట పక్కన కూరగాయలమ్మే మనిషి మాట. పండితులు గ్రామ్యమని తీసి పారేసే మాటకు కూడా అర్థం, వాడుక, సామెత ఇచ్చారు. 1855లో వేయించిన తాతాచారి కథలు కూడా అంతే, మనిషి అరుగు మీద కూర్చుని చెప్పినట్టుండే వచనం. గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారిక భాషకు జెండా ఎత్తడానికి ఇంకా యాభై ఏళ్లకు పైగా ఉంది.

అధికార భాషా చట్టం 1966లో వచ్చాక మా ఆఫీసులో ఇంగ్లీషు నోట్లకు తెలుగు చేయవలసి వచ్చేది. కొత్తగా తయారైన పరిభాష పుస్తకంలో చూస్తే, రైతుకు కాదు గదా, గుమాస్తాకే అర్థం కాని మాటలుండేవి. మా సూపరింటెండెంటుగారు మాత్రం రికార్డు గదిలోంచి అట్ట ఊడిన బ్రౌన్ నిఘంటువు తెప్పించేవారు. పొలం గట్లు, కాలువ తూములు, దస్తావేజు మాటలు అన్నీ అందులో దొరికేవి. రైతు చదివితే తలూపేవాడు.

బ్రౌన్‌ను పొగిడేవారు ఒక సంగతి మరిచిపోతారు, అది నాకు కష్టంగా ఉంటుంది. తెలుగును ఆయన ఒంటి చేత్తో బతికించినట్టు మాట్లాడతారు. ఆయన తెచ్చినది పట్టుదల, డబ్బు, పద్ధతి. చదువు మాత్రం పండితులది. జూలూరి అప్పయ్య గారూ, అద్వైతబ్రహ్మయ్య గారూ లేకపోతే ఆ వ్రాతప్రతులను బ్రౌన్ ఒక్కరే చక్కబెట్టి ఉండేవారు కారు. ఆ పండితుల పేర్లు ఇప్పుడు ఎంతమందికి తెలుసు? అలాగే ఆయన వేమన అనువాదాలలో పద్యంలోని చురుకు చాలా చోట్ల చప్పబడిందనీ, నిఘంటువులో కొన్ని అర్థాలు పొరపాటుగా పడ్డాయనీ తర్వాతి పండితులు చూపించారు. ఉండవచ్చు. పొరపాట్లు దిద్దడానికి ముందు పుస్తకమంటూ ఒకటి ఉండాలి కదా.

1855లో ఆరోగ్యం సహకరించక రాజీనామా ఇచ్చి లండను వెళ్లిపోయారు. మళ్లీ ఇండియా చూడలేదు. తన సొంత వ్రాతప్రతులను మద్రాసు సాహిత్య సంఘానికి ఇచ్చేశారు. అవే తర్వాత మద్రాసు ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరాయి. పదవీ విరమణ తర్వాత దాదాపు ముప్పయ్యేళ్లు బతికారు. ఆ కాలమంతా నిఘంటువును సవరించుకుంటూ, తన సాహిత్య జీవితాన్ని రాసుకుంటూ గడిపారు. 1865లో లండను విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడయ్యారు. 1884 డిసెంబరు 12న, ఎనభై ఆరేళ్ల వయసులో, లండనులో కన్నుమూశారు. సమాధి కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఉంది.

ఆయనకు భార్యా పిల్లలు లేరు, ఇంటిపేరు అందుకునే వారసుడు లేడు. కానీ ఆ ఇంటిపేరు తెలుగులో ఎటు పోయిందో చూడండి. పండితులు ఆయన నిఘంటువును బ్రౌణ్యం అన్నారు. పరాయి పేరుకు సంస్కృతపు తొడుగు తొడిగి, పాణిని నుంచి పాణినీయం వచ్చినట్టే బ్రౌన్ నుంచి బ్రౌణ్యం చేశారు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు మరి ఇద్దరితో కలిసి 1903లో దాన్ని పరిష్కరించి కొత్త కూర్పు తెచ్చారు. ఇప్పటికీ ఆ కూర్పే పునర్ముద్రణలుగా వస్తోంది. 1970లలో ఆచార్య జి.ఎన్. రెడ్డిగారు, బంగోరె అనే కలం పేరు గల బండి గోపాలరెడ్డిగారు బ్రౌన్ స్వీయ చరిత్రనూ, లేఖలనూ వెలికి తీశారు. హుస్సేన్‌సాగర్ గట్టు మీద 1980లలో నిలిపిన తెలుగు వెలుగుల విగ్రహాలలో కోటు తొడిగిన బ్రౌన్ విగ్రహమూ ఒకటి.

కడపలో ఆయన బంగళా ఉన్న ఎర్రముక్కపల్లె స్థలం శిథిలమై పోతూ ఉంటే, అక్కడ గ్రంథాలయం కట్టాలని కంకణం కట్టుకున్నవారు జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు. ఇంగ్లీషు ఉపన్యాసకులుగా పదవీ విరమణ చేసిన మనవంటి పెన్షనరే. 1980లలో మొదలుపెట్టి ఇంటింటికీ తిరిగి చందాలు వసూలు చేశారు. పది రూపాయలిచ్చినా పుచ్చుకున్నారు. పుస్తకాలిస్తే నెత్తిన పెట్టుకుని తెచ్చారు. 1990లలో ఆ గ్రంథాలయం తలుపులు తెరుచుకుంది. ఆయనను అందరూ బ్రౌన్ శాస్త్రి అని పిలిచారు. ఆ పిలుపుకు ఆయన పలికారు. 2014లో శాస్త్రిగారు కాలం చేశారు.

ఆ గ్రంథాలయాన్ని యోగి వేమన విశ్వవిద్యాలయం 2006లో స్వీకరించి, సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంగా చేసింది. కడప మీదుగా తిరుపతి వెళ్లే మన సభ్యులు ఒక పూట ఆగి చూడవచ్చు. మనవలను వెంట తీసుకెళ్లండి. తాటాకు గ్రంథమంటే ఏమిటో వాళ్లు కళ్లారా చూస్తారు.